నమోదు, హాజరు

మా కాలనీ నోటీసు బోర్డు
మూతబడ్డ బడి నుంచి తెచ్చింది.
పానగల్లు రోడ్డు మీద ట్రాలీ ఆటోలో నిలబెట్టి తెస్తుంటే
ఎదురొచ్చినోళ్లంతా
హెడ్మాస్టరు వస్తున్నట్టు పక్కకు జరిగిన్రు.

ఎడమ మూలకు తెల్లపెయింటుతో
నమోదు, దాని కింద హాజరు.
కిరసనాయిలు పోసి రుద్దినా పోలే.
ఉండనియ్ అన్న.
మిగిలిన నలుపు మనకు చాలదా?

ముప్పై ఒక్క ఏండ్లు టికెట్లు కొట్టిన చెయ్యి నాది,
నల్లగొండ దేవరకొండ ఆర్డినరీ.
రిటైరైన వారానికే కార్యదర్శిని చేసిన్రు.
"చిల్లర లెక్క తప్పవు గదా నువ్వు."

ఇగ రాస్తున్న.

సోమ, మంగళవారాలు కృష్ణ నీళ్లు రావు. పైపు పగిలింది.
బోరు నీళ్లు కడుగుడుకే, తాగుడుకు కాదు.
(ఈ ముక్క రాసినప్పుడల్లా
వంకరపోయిన మా అక్క మోకాళ్లు యాదికొస్తయి.
అది రాయను. బోర్డు మీద జాగ లేదు.)

పార్కు గేటు కాడ వెండి పట్టగొలుసు దొరికింది.
గుర్తు చెప్పి తీసుకపోవచ్చు.
నలుగురొచ్చిన్రు, ఒక్కరూ గుర్తు చెప్పలే.
డ్రాయరు తీసినప్పుడల్లా
ఎవరో చిన్నపిల్ల నడిచినట్టు చప్పుడు.

ఉర్సు మూడ్రోజులు గుట్ట దిక్కు బండ్లు పోనియ్యరు.
ఎంగిలిపూల నాటికి పార్కుల లైట్లు పెడతం,
తంగేడు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలె.

కుక్కలకు బువ్వ పెట్టేటోళ్లు తమ గేటు లోపలే పెట్టాలె.
ఈ తీర్మానం మీద మొదటి సంతకం శకుంతల టీచరుది,
పెట్టేది ఆమెనే.

బాకీదార్ల పేర్లు వద్దన్నరు, ఇంటి నంబర్లు రాసిన.
రాత్రికి రాత్రి ఒక నంబరు మీద
ఎవరో ఎంగిలి వేలు రాసి చెరిపిన్రు.
ఆ వేలి లావు నాకు తెల్సు.
మళ్లీ రాయలే.

మొన్న వానకు ఆఖరి గల్లి ఇండ్లల్లకు నీళ్లు జొచ్చినయి.
కరెంటు లేదు. గ్రూపుల మస్తు మంది మాట్లాడిన్రు.
నాలా మూతికాడ నడుముల్దాక దిగి
ఇనుపరాడ్‌తో కెలికి
ఒక్క గుంజు గుంజింది సైదమ్మ,
అరవై మూడో ఇంటి ఎనుక షట్టర్ల కిరాయికుండి
ఇస్త్రీబండి నడుపుకునే ఆమె.
బయటికొచ్చింది ఏంది?
మా సంఘం ఫ్లెక్సీ.
పరిశుభ్రత మన బాధ్యత,
పక్కనే అధ్యక్షుని ఫోటో, బురద నిండిన నవ్వు.

ఆదివారం మీటింగు.
ఎనభై నాలుగిండ్లకు పదకొండు మంది,
అందులో ఇద్దరు చాయ్ కోసం.
ధన్యవాదాలు రాద్దామన్న.
"రాయి, కాని కిరాయిదారులు సభ్యులు కారు గదా,
సహకరించిన అందరికీ అని రాయి" అన్నరు.
రాసిన. అక్షరాలు గుండ్రంగనే వచ్చినయి.

తెల్లారి బండికాడ నా అంగీ మడతేసుకుంటనే అడిగింది,
"సారూ, గా అందరు ఎవరు?
ఆ రాత్రి నాకు ఒక్కరూ కనబడలే."
బొగ్గుల మీద బూడిద ఊది
మల్ల పనిల పడ్డది.
పది రూపాయలు ఎక్కువిస్తే
లెక్క చూసి తిరిగిచ్చింది.

మాపటికి పోయి
నమోదు పక్కన సున్న వేసిన.
హాజరు పక్కన ఒకటి.

అధ్యక్షుడు చూసిండు, ఏమనలే.
ఐదో తరగతి పిల్లగాడొకడు సైకిలాపి
పెద్దగ నవ్విండు.
"తాతా, నమోదు లేకుండ హాజరు ఎట్ల?
లెక్క తప్పు."

తప్పే బిడ్డా.
కాని ఘాటు కాడ బండి ఆగినప్పుడు
చేన్లకెళ్లి ఉరికొచ్చి తోసినోళ్లను
టికెట్టేదని నేను ఎన్నడన్న అడిగిన్నా?

వానికి అర్థం కాలే. బెల్లు కొట్టుకుంట పోయిండు.

బుధవారం నీళ్లు వస్తయి.
పొద్దున ఆరు నుంచి ఏడు.
బిందెలు కడిగి పెట్టుకోండ్రి.